వ్యాధి గైర్హాజరు

నా దస్తూరి గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. గొప్పకి చెప్పడం లేదు. జరిగిన అనర్థానికంతా మూలం అదే కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా మా ఊరి వైకల్య నిర్ధారణ కార్యాలయం గోడ పక్కన, నీలం ప్లాస్టిక్ పట్టా కింద కూర్చుని అర్జీలు రాస్తున్నాను. కంప్యూటర్లొచ్చాక ఇక ఈ నాగభూషణం పని అయిపోయినట్టే అన్నారు. అవలేదు. మిషన్లో కొట్టిన కాగితాన్ని ఏ అధికారీ చూడడనీ, చేత్తో అందంగా రాసిందైతే కాసేపైనా పట్టుకుంటాడనీ జనానికి నమ్మకం. నిజమే, పట్టుకుంటారు. చదవడం మాత్రం వాళ్ల దయ.

దానమ్మ నా దగ్గరికి మొదట రేషన్ కార్డు అర్జీ కోసం వచ్చింది. ఊరి చివర మిర్చి కోల్డ్ స్టోరేజీల ముందు పరిచిన పట్టాల మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీసే పని ఆమెది. అర్జీ రాయడం అవగానే నిశానీ వేయడానికి బొటనవేలు చాపింది. ఆ వేలు చూస్తే నాకెందుకో ఒళ్లు మండింది. "రోజుకి బస్తాడు కాయలకి తొడిమలు లాగే వేళ్లకి కలం పట్టడం రాదంటే నేను నమ్మను" అన్నాను. నెల రోజులు పని నుంచి ఇంటికెళ్తూ నా పట్టా కింద ఆగి నేర్చుకుంది. నేను రాసిన మూడక్షరాల మీదే దిద్దింది కాబట్టి సంతకం అచ్చంగా నా రాతే. పక్కపక్కన పెడితే ఎవరిదేదో నేనే చెప్పలేను. ఆ తర్వాత ఇన్నేళ్లలో దానమ్మ ఎక్కడా వేలిముద్ర వేయలేదు.

ఆరేళ్ల కిందట ఆమెకి కీళ్లవాతం వచ్చింది. వయసు మళ్లాక వచ్చే మోకాళ్ల నొప్పి లాంటిది కాదట. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి సొంత కీళ్లనే తినేస్తుందట. పెద్దాసుపత్రి డాక్టరు అలా చెప్పాడు. ఇది తెల్లారగట్ల ఉద్ధృతంగా ఉంటుంది. నిద్ర లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి, గ్లాసు కూడా పట్టుకోలేదు. మందులు వాడితే పది దాటాక మెల్లగా సడలుతాయి. మధ్యాహ్నానికి అన్నం కలుపుకోగలదు. మందులు మానితే ఆ కాస్తా ఉండదు, వంకర తిరిగిన వేలు మళ్లీ తిన్నగా రాదు. తొడిమల పని ఎలాగూ పోయింది. వికలాంగుల పెన్షన్ వచ్చేది. అది చేతికందిన రోజే మందుల షాపుకి వెళ్లేది. చెల్లెలు రాహేలు ఇంట్లో తిండి పెట్టేది గానీ మందులు కొనేంత స్తోమతు ఆమెకి లేదు.

ఇలా ఉండగా ప్రభుత్వం వారికి హాజరు మీద ప్రేమ పుట్టింది. ఉద్యోగులందరూ పొద్దునా, సాయంత్రం నాలుగింటికీ ఫోనుకి ముఖం చూపించి హాజరు వేయించుకోవాలన్నారు. దాంతో ఎవరెవరు ఆఫీసుకి రావడం లేదో బయటపడింది. బయటపడిన వాళ్లు పలుకుబడి గలవాళ్లు కావడంతో ఆ ఉత్సాహం కొంచెం చల్లారి, చల్లారింది ఊరికే పోకుండా రోగాల మీదికి మళ్లింది. పెన్షన్ తీసుకుంటున్న రోగాలన్నీ స్వయంగా వచ్చి హాజరు వేయించుకోవాలని ఉత్తర్వు వచ్చింది.

దానమ్మకి పునఃపరిశీలన అర్జీ నేనే రాశాను. రెండు పేజీలు, ఒక్క కొట్టివేత లేదు. ఆమె వైద్య పరీక్షల శిబిరానికి పదింటికే వెళ్లింది. డాక్టరు ఆమెని పిలిచేసరికి మధ్యాహ్నం మూడయింది. పిడికిలి పట్టమన్నాడు, సగం పట్టింది. సంతకం పెట్టమన్నాడు, పెట్టింది. పది రోజులకి ఉత్తర్వు వచ్చింది.

"సదరు దినమున అర్జీదారు హాజరు. వ్యాధి గైర్హాజరు. అర్జీ ముత్యాల వంటి దస్తూరితో నుండుటయు, సంతకము ఏమాత్రము వణుకు లేక యుండుటయు గమనించడమైనది. కావున హస్తములు సక్రమముగా పనిచేయుచున్నవని నిర్ధారించి, పెన్షన్ నిలుపుదల చేయడమైనది."

నేను చదివి వినిపించాను. దానమ్మ తన చేతుల వంక ఒకసారి, నా చేతి వంక ఒకసారి చూసింది. "మీ రాత బాగుండబట్టి నా చేతులు బాగున్నాయంటన్నారా రైటరుగారూ?" అంది. అవునని చెప్పడానికి సిగ్గేసింది. అప్పీలు చేద్దామన్నాను.

అప్పీళ్ల సూపరింటెండెంట్ పరాంకుశం గారు నిజాయితీపరుడు. ఒక్క టీ కూడా ఊరికే తాగరు. నియమం తప్ప ఆయనకి దేని మీదా ఆశ లేదు. నేను దానమ్మని వెంటబెట్టుకుని వెళ్లి, "సార్, అర్జీ రాసింది నేను. ఆ దస్తూరి నాది" అని చెప్పుకున్నాను.

ఆయన కాగితాన్ని ఆ వైపూ ఈ వైపూ తిప్పారు. "లేఖరి పేరు ఎక్కడైనా ఉన్నదా? లేదు. మరియొకరు వ్రాసినట్లు రికార్డు లేనప్పుడు, అర్జీ ఎవరిదో దస్తూరి వారిదే. ఇది స్థిరపడిన విధానం."

"పోనీ ఆమె చేతులు ఇక్కడే ఉన్నాయి, చూడండి సార్."

"నేను చూచుటకు వీలు లేదు. నేను అప్పీలు అధికారిని. చూచుట డాక్టరుగారి పరిధి. నేను చూచినచో అది పరిధి ఉల్లంఘన" అన్నారు. అని, బల్ల మీద ఉన్న ఆ చేతుల మీద కన్ను పడకుండా తల కిటికీ వైపు తిప్పుకున్నారు.

దానమ్మ కలగజేసుకుంది. "అయ్యా, నాకు పొద్దున పూట బిగుసుకుంటయ్యి. మీరు పిలిచేతలికి సడలతన్నయ్యి. నేనేం చేసేది?"

పరాంకుశం గారు సంతోషించారు. సమస్య నియమంలో ఇమిడినప్పుడు ఆయన ముఖం వికసిస్తుంది. "అనగా వ్యాధి కార్యాలయ వేళలు పాటించుట లేదు. వ్యాధికి నోటీసు ఇవ్వవలసి యున్నది" అన్నారు.

ఇచ్చారు కూడా. వార్డు సెక్రటరీ వచ్చి రాహేలు ఇంటి తలుపుకి అతికించి వెళ్లాడు. "శ్రీమతి దానమ్మ గారి కీళ్లవాతమునకు తెలియజేయునది ఏమనగా" అని మొదలవుతుంది. పని దినములలో పదిన్నర మొదలు ఐదు లోపు హాజరై ఏల గైర్హాజరైనదో సంజాయిషీ ఇచ్చుకోవాలని, లేనిచో వ్యాధి లేనట్లే భావించబడునని సారాంశం. అక్షరం ముక్క రాని కీళ్లవాతానికి నోటీసెలా అర్థమవుతుందని రాహేలు అడిగితే, "తలుపు మీద అతికిస్తే అందినట్టే లెక్క" అన్నాడట సెక్రటరీ.

సరే, రోగం వేళకి ఆఫీసు రాదు కాబట్టి ఆఫీసు వేళకి ముందే రోగాన్ని తీసుకెళ్దామనుకున్నాం. ఉదయం ఆరింటికి రాహేలు అక్కని ఆటోలో ఎక్కించుకుని వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ మస్తాన్ పళ్లు తోముకుంటున్నాడు.

"ఇప్పుడెవరుంటారు రైటరుగారూ? సార్లు పదిన్నరకి గానీ రారు" అన్నాడు.

"సార్లు అక్కర్లేదు. నీ రాకపోకల పుస్తకంలో రాయి, చాలు."

మస్తాన్ దగ్గరికొచ్చి ఆమె చేతులు చూశాడు. పది వేళ్లూ అరచేతిలోకి ముడుచుకుపోయి, కణుపులు వాచి ఎర్రగా ఉన్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ కార్యాలయం తరఫున ఒక రోగి చేతుల్ని నిజంగా చూసినవాడు నాకు తెలిసి మస్తాన్ ఒక్కడే. లోపలికెళ్లి, తన కోసం కాచుకున్న టీ తెచ్చి, ఊది ఊది ఆమెకి తనే తాగించాడు. తర్వాత పుస్తకంలో రాశాడు. "దానమ్మ గారి జబ్బు ఉదయం ఆరు పదికి వచ్చింది." పదిన్నరా పదకొండూ మధ్యలో వేళ్లు కాస్త విచ్చుకున్నాయి. "జబ్బు పదీ నలభైకి వెళ్లిపోయింది" అని కూడా రాశాడు. పరాంకుశం గారి స్కూటర్ పదీ నలభై అయిదుకి గేట్లోకి వచ్చింది.

ఆయన పుస్తకం చదివి చాలా బాధపడ్డారు. అనుమతి లేకుండా వ్యాధిని కార్యాలయ ఆవరణలోకి రానిచ్చినందుకు, పోనిచ్చినందుకు మస్తాన్‌కి రెండు మెమోలు ఇచ్చారు. టీ సంగతి పుస్తకంలో లేకపోబట్టి మూడోది తప్పింది. వ్యాధుల పని వేళలు నిర్ణయించడానికి ఒక ఉపసంఘం వేయాలని పైకి రాశారు. ఉపసంఘం తొలి సమావేశానికి సభ్యులెవరూ హాజరు కాలేదని తర్వాత తెలిసింది. గైర్హాజరైనందుకు వాళ్లకి మాత్రం నోటీసులివ్వలేదు.

మా వంక తిరిగి ఆయన కొంచెం మెత్తబడ్డారు. "అమ్మా, మీరేమైనా ఔషధములు సేవించుచున్నారా?"

"వారానికోసారి బిళ్లలేసుకుంటానయ్యా. పెన్షన్ ఉన్నప్పుడు కొనిపెట్టుకున్నయ్యి ఇంకో నెలకొస్తయ్యి."

"అదే కదా! అప్పీలు విచారణలో ఉండగా మందులు వాడుట సాక్ష్యమును తారుమారు చేయుట కాదా?" అన్నారు. ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే ఆమె మంచి కోరి చెబుతున్నారు. అందుకే నాకు భయమేసింది.

బయటికొచ్చాక దానమ్మకి మరీ మరీ చెప్పాను. "ఆయన మాట వినొద్దు. బిళ్లలు మానొద్దు."

"అయ్యి అయిపోయినాక కొనేది యాడుంది రైటరుగారూ? ఎట్టాగూ ఆగిపోయేయే. ఇప్పుడాపితే కాయితమన్నా వస్తది, కాయితమొస్తే మళ్లీ కొనుక్కుంటా" అంది. ఆమె లెక్కలో తప్పు పట్టలేకపోయాను. తప్పు పట్టి ఉండాల్సింది. మందులు నేను కొనిస్తానని ఆ పూట నోరు తెరిచి అనలేదు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆరు వారాలకి విచారణ పెట్టారు. ఆ రోజు దానమ్మని ఆటోలోంచి మస్తానూ నేనూ చెరో వైపు పట్టుకుని దించాం. మధ్యాహ్నం రెండయినా వేళ్లు విచ్చుకోలేదు. కుడిచేతి చూపుడువేలు పక్కకి వాలిపోయి ఉంది. రాహేలు అక్క తల దువ్వి, కొత్త చీర కట్టి తీసుకొచ్చింది. ఆఫీసుకి వెళ్తున్నప్పుడు బాగా కనబడాలని ఎవరికుండదు? చీర చూసి అదొక అభ్యంతరం అవుతుందేమోనని హడలిపోయాను. అదృష్టవశాత్తు చీరలకి ఇంకా నియమం రాలేదు.

డాక్టరు చేతులు పట్టుకుని చూసి నిట్టూర్చాడు. "మందులెందుకు మానావమ్మా?" అన్నాడు. ఆమె పరాంకుశం గారి వైపు చూసింది, ఆయన కిటికీ వైపు చూశారు. డాక్టరు డెబ్భై రెండు శాతం వైకల్యం అని రాసి, సంతకం పెట్టి, తన ప్రైవేటు క్లినిక్‌కి టైమైందని వెళ్లిపోయాడు.

పరాంకుశం గారి ఆనందం చెప్పతరం కాదు. ఎర్ర సిరాతో పెద్దక్షరాలతో రాశారు. "వ్యాధి హాజరు." కుర్చీలోంచి లేచి నాతో చేయి కలిపారు. దానమ్మతో కలపబోయి ఆగిపోయారు. "అభినందనలు! మీ వ్యాధి విధి నిర్వహణలో సంతృప్తికరముగా యున్నది. ఇక ఈ రిజిస్టరులో సంతకము చేసిన చాలును."

కలం దానమ్మ ముందు పెట్టారు. ఆమె రెండు చేతులతోనూ పట్టుకోబోయింది. అది బల్ల మీద దొర్లి కింద పడింది.

"నిశానీ వేయించమంటారా సార్?" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

"ఎట్లు వీలగును? రికార్డు ప్రకారం ఈమె సంతకందారు. సంతకందారు నిశానీ వేసినచో మారుమనిషి కేసు నమోదు చేయవలసి వచ్చును. సంతకమే చేయవలెను."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టుంది వ్యవహారం. సరిగ్గా అప్పుడు నాలుగయింది. ఆఫీసులో ఉన్నవాళ్లందరూ లేచి, ఫోనుకి ముఖాలు చూపించడానికి వరండాలోకి పోయారు. పరాంకుశం గారు కూడా క్రాఫు సర్దుకుంటూ వెళ్లారు. గదిలో మేం ముగ్గురమే మిగిలాం. రిజిస్టరు తెరిచే ఉంది. నేను కలం తీసి, గడిలో 'దానమ్మ' అని రాశాను. ఆమె సంతకం నాకు రాదా ఏమిటి?

ఆయన తిరిగొచ్చి, కళ్లజోడు సవరించుకుని కొత్త సంతకాన్ని పాతదానితో పోల్చారు. అక్షరం అక్షరం సరిపోయింది. "భేష్, ముత్యాలు!" అన్నారు. తర్వాత ఆయన కనుబొమలు మెల్లగా ముడిపడ్డాయి. ఎర్ర సిరా కలం మళ్లీ తెరిచారు.

"డెబ్భై రెండు శాతము చెడిన హస్తములతో ఇంతటి చక్కని సంతకము అసంభవము. వ్యాధి రెండింటికి హాజరై నాలుగు గంటల లోపున వెడలిపోయినట్లు తేలుచున్నది. అప్పీలు తిరస్కరించడమైనది."

రాహేలు ఏడుపు ఆపుకోలేకపోయింది. "చేతులు కళ్లెదురుగ్గా ఉండయ్యి కదయ్యా, ఒక్కసారి ఇటు చూడయ్యా!" అంది. ఆయన చూడలేదు. పరిధి. నేనే పెట్టానని ఒప్పుకుందామంటే ఫోర్జరీ కేసు నాతో పోదు, ఆమెనీ చుట్టుకుంటుంది. నా అందమైన చేత్తో ఒకే మనిషిని రెండోసారి ముంచాను. ఇంటికెళ్లి ఆ చేతిని సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.

మర్నాడు దానమ్మ తనే రాహేలుని పంపింది. "అక్క ఒక మాట చెప్పి రమ్మంది. ఈసారి అర్జీ ఎడంచేత్తో రాయమంది" అని చెప్పింది రాహేలు. చదువు రాని వాళ్లకి లోకజ్ఞానం ఉండదని ఎవరన్నారో గానీ వాళ్లని ఒకసారి మా ఆఫీసుకి పంపాలి.

పట్టా కింద కూర్చుని ఎడంచేత్తో కలం పట్టాను. ఒక్క వాక్యానికి పావుగంట పట్టింది. అక్షరాలు గీత మీద నిలవవు, ఒకటి పైకి పోతే ఒకటి కిందికి జారుతుంది. సిరా మరకలు, కొట్టివేతలు. నా కంటే ముందు రోడ్డున పోయేవాళ్లు సిగ్గుపడ్డారు. "రైటరుగారికి పక్షవాతం వచ్చిందా?" అని గుసగుసలు కూడా బయల్దేరాయి. ఆ రోజు ఇంకెవరూ నా దగ్గర అర్జీ రాయించుకోలేదు. అడుగున దానమ్మ సంతకం కూడా ఎడంచేత్తోనే పెట్టాను. 'దా' పడుకుంది, 'మ్మ' కాగితం అంచు దాటిపోయింది.

నేను తీసుకెళ్లి ఇచ్చిన ఆ కాగితాన్ని పరాంకుశం గారు ఎంతసేపు పట్టుకున్నారో! ఇన్నేళ్లలో నేను రాసిన అర్జీని చివరిదాకా చదివిన మొదటి అధికారి ఆయనే. చదివి, జేబురుమాలు తీసి కళ్లజోడు తుడుచుకున్నారు. "పాపం, ఈమె చేతులు ఇంత దారుణంగా ఉన్నవని ఎవరూ మాకు ముందుగా ఏల తెలుపలేదు?" అన్నారు.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. దాన్ని నేనే రాహేలు ఇంటికి పట్టుకెళ్లాను. బిళ్లల డబ్బా కూడా తీసుకెళ్లాను. ఆలస్యంగానైనా ఆ బుద్ధి పుట్టింది. దానమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. చదవమంది.

"అర్జీదారు దస్తూరిని బట్టి, హస్తములు శాశ్వతముగా చెడినవని సంపూర్ణముగా రుజువైనది. పెన్షన్ పునరుద్ధరించడమైనది."

"అయితే నా చేతులు చూసి ఇయ్యలేదన్నమాట" అంది.

"లేదు దానమ్మా."

"పోన్లే. మందులేసుకుంటే ఈ చేతి ఏళ్లు మళ్లీ తిన్నంగా వస్తయ్యా?"

పెద్దాసుపత్రి డాక్టరుని నేను అప్పటికే అడిగి వచ్చాను. ఉన్నది కాపాడొచ్చు గానీ వాలిపోయింది లేవదన్నాడు. అదే చెప్పాను. ఆమె తలూపింది. "ఇంకా ఏదో రాసుంది చూడండి, కింద" అంది.

రాసే ఉంది. అది చదవకుండా మడిచేద్దామనుకున్నాను గానీ ఆమెకి కళ్లున్నాయి, మూడక్షరాలు తెలుసు. చదివాను.

"సదరు దస్తూరిని పరిశీలించగా అర్జీదారుకు అక్షరజ్ఞానము లేదనియు వెల్లడైనది. కావున సంతకందారుల జాబితా నుండి తొలగించి, నేటి నుండి ఈమెను నిశానీదారుగా నమోదు చేయడమైనది. ఇందుకు సమ్మతి తెలుపుచు దిగువ వేలిముద్ర వేయవలెను."

దానమ్మ కుడిచేయి నా ముందుకి చాపింది.

నా సంచిలో సిరా పెట్టె ఉంది. ముడుచుకున్న వేళ్ల మధ్య నుంచి బొటనవేలిని మెల్లగా విడదీసి, సిరా అద్ది, కాగితం మీద ఒత్తాను. నొప్పి పెట్టిందేమో, ఆమె కళ్లు మూసుకుంది. ముద్ర చక్కగా, గుండ్రంగా పడింది.